పాత కోడ్‌కు కాపరులు

ఆట మొదలై అయిదు నిమిషాలైనా చేతికి తుపాకీ రాదు, కాల్చాల్సిన శత్రువూ ఎదురుపడడు. పైనున్న పట్టాకు వేలాడుతూ సొరంగాల్లోంచి సాగే చిన్న బండిలో ఉద్యోగి ఒకతను నిలబడి డ్యూటీకి పోతుంటాడు. టైము ఉదయం 8.47 అయిందనీ, బయట ఎండ ఎంత ఉందనీ, ఫలానా చదువులు చదివినవాళ్లు తెలిసుంటే ఇక్కడ ఉద్యోగాలున్నాయని చెప్పమనీ స్పీకరులో ఒక గొంతు తాపీగా చదువుతూ ఉంటుంది. కిటికీలోంచి క్రేన్లు, పెద్ద పెద్ద గోదాములు, మూసిన తలుపు తడుతూ నిలబడ్డ ఒక గార్డు కనిపిస్తారు. దిగి లోపలికి వెళితే ముందు బల్ల దగ్గరి గార్డు సిస్టమ్ క్రాష్ అయిందనీ, తన ఫైళ్లు ఇంకా వెతుక్కుంటున్నాననీ చెప్పుకుంటాడు. విశ్రాంతి గదిలోని మైక్రోవేవ్‌లో ఎవరిదో తిండి ఉంటుంది. బటన్ ఊరికే నొక్కుతూ పోతే అది లోపలే పేలిపోతుంది, పక్కనున్న శాస్త్రవేత్త చూసి నొచ్చుకుంటాడు. లాకర్ల గదిలో వరసగా పేర్లు. అందులో ఒకటి మన ఉద్యోగిది: ఫ్రీమన్.

ఈ ఆట పేరు హాఫ్ లైఫ్. అమెరికాలో వాల్వ్ అనే కొత్త కంపెనీ తయారుచేసిన తొలి ఆట. 1998 నవంబరు 19న విడుదలైంది. మూడు రోజుల తర్వాత, నవంబరు 22న, ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఈ రెంటికీ ఒకదానితో ఒకటికి పని లేదు. అయినా ఆ భవనం వచ్చాక రూపురేఖలే మారిపోయిన కూకట్‌పల్లిలో కూర్చుని ఇవాళ ఆ ఆటను మళ్లీ తెరిస్తే, రెండూ ఒకే ఈడువన్న సంగతి మనసులో మెదులుతుంది.

కేపీహెచ్‌బీ హాస్టల్ గదిలో ఉండి గచ్చిబౌలికో మాదాపూర్‌కో ఉద్యోగానికి వెళ్లే పాతికేళ్ల కుర్రవాడికి ఆ మొదటి అయిదు నిమిషాలు రోజూ పోయే దారిలాగే ఉంటాయి. జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగేవాళ్లకు తర్వాత వచ్చే స్టేషన్ ఏదో చెప్పే గొంతు ఉంది. మెడలో ఐడీ కార్డు ఉంది. గేటు దగ్గర తలూపే గార్డు ఉన్నాడు. ప్యాంట్రీలో మైక్రోవేవ్ ఉంది, సిస్టమ్ డౌన్ అయిందన్న మాటా వారానికోసారి వినపడుతుంది. 1998లో ఇక్కడ ఎవరైనా ఈ ఆట ఆడి ఉంటే, కథ నడిచే న్యూ మెక్సికో ఎడారి కింద ఎక్కడో జరిగే వింతలా తోచి ఉండేది. అప్పటికి మనకు మెట్రో లేదు. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు అది వచ్చింది 2017 నవంబరు చివర్లో. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో. ఆట అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఈలోపు మన ఊరే ఆ కథకు దగ్గరగా జరిగింది.

ఆడి చూస్తే ఇప్పటికీ బాగుంది. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు, కొత్తగా ఆడే పిల్లలు కూడా ఒప్పుకునే మాట. గోర్డన్ ఫ్రీమన్‌కు ఇరవయ్యేడేళ్లు, ఎంఐటీలో భౌతికశాస్త్రం చదివినవాడు, ఆట మొత్తమ్మీద ఒక్క మాటా మాట్లాడడు. ప్రయోగం బెడిసికొట్టి వేరే లోకపు ప్రాణులు భూగర్భ ప్రయోగశాలలోకి వచ్చిపడతాయి. కాపాడటానికి సైన్యం వస్తుందని అందరూ ఎదురుచూస్తారు. వచ్చిన సైనికులు మాత్రం జరిగింది బయటికి పొక్కకుండా ఉద్యోగులనే చంపడం మొదలుపెడతారు. ఈ కథంతా మధ్యలో సినిమా ముక్కలు పెట్టి చెప్పరు. మన చూపు మన చేతుల్లోనే ఉంటుంది. గోడకవతల ఇద్దరు సైనికులు మాట్లాడుకుంటుంటే ఆగి వింటే తెలుస్తుంది, ఆగకపోతే లేదు. పరిగెత్తుకుపోయేవాడికి ఒక ఆట, నిలబడి చూసేవాడికి ఇంకో ఆట. మొదట చేతికొచ్చే ఆయుధం మేకులు పీకే వంపు ఇనుప కడ్డీ. దాంతో చెక్కపెట్టెలు పగలగొట్టిన చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. చివర్లో వేరే లోకంలోకి వెళ్లాక గాల్లో తేలే రాళ్ల మీద గెంతే భాగం మాత్రం అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే. మంచి ఆటలో కూడా తొందరగా దాటిపోవాలనిపించే చోటు ఉండొచ్చు.

దీని పుట్టుకలోనే ఒక సంగతి ఉంది. 1997 చివర్లో విడుదల చేద్దామనుకున్న ఆటను వాళ్లే ఆడిచూసి, సరదాగా లేదని తేల్చుకుని, చాలావరకు విప్పేసి మళ్లీ కట్టారు. అందుకు దాదాపు ఇంకో ఏడాది పట్టింది. అడుగున ఉన్న యంత్రభాగం కూడా వాళ్ల సొంతం కాదు. ఐడీ సాఫ్ట్‌వేర్ 1996లో తెచ్చిన క్వేక్ ఆట కోడ్‌ను లైసెన్సు తీసుకుని, లోపల చాలా మార్చుకుని వాడుకున్నారు. వాల్వ్ స్థాపకుల్లో ఒకరైన గేబ్ న్యూయెల్ అంతకుముందు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసేవాడు. అక్కడ ఆయన ముందుండి నడిపించిన పనుల్లో ఒకటి, డాస్ కోసం రాసిన డూమ్ ఆటను విండోస్ 95 మీద ఆడేలా మార్చడం. ఒక వ్యవస్థ కోసం రాసినదాన్ని ఇంకో వ్యవస్థ మీద నడిపించిన అనుభవం ఆయనకు ముందునుంచే ఉందన్నమాట.

మన నెట్ కేఫ్‌ల తరానికి ఈ వంశం తెలియకుండానే తెలుసు. జేఎన్‌టీయూ చుట్టుపక్కల, కేపీహెచ్‌బీ రోడ్ల మీద, అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, గంటకింత అని కట్టి లాన్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆడిన కుర్రాళ్లు ఇప్పుడు నలభైకి అటూఇటూగా ఉన్నారు. ఆ కౌంటర్ స్ట్రైక్ మొదట విడి ఆట కాదు. హాఫ్ లైఫ్ మీద ఇద్దరు కుర్రాళ్లు, మిన్ లే, జెస్ క్లిఫ్, 1999లో సరదాగా చేసుకున్న మార్పు. కేఫ్ కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీది ఆ గుర్తును కుడి బటన్‌తో నొక్కి చూస్తే లోపల ఉన్న ఫైలు పేరు హెచ్‌ఎల్ అనే ఉండేది. వెనక చిన్న అక్షరాల్లో ఒక సూచన: ఇదే ఆటను కౌంటర్ స్ట్రైక్ ఫోల్డరుతో తెరవమని. కౌంటర్ స్ట్రైక్‌లోని డస్ట్ మ్యాప్‌లో మూలమూలా తెలిసిన చాలామంది ఆ తల్లి ఆటను ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఒంటరిగా ఆడే ఆటకు గంట లెక్కన డబ్బు కట్టడం ఎవరికి కుదురుతుంది? అప్పట్లో ఇక్కడ తిరిగినవి ఎక్కువగా కాపీ కొట్టించిన సీడీలే. అసలు పెట్టె కొనే స్తోమతు ఆ వయసులో ఎవరికీ లేదు, ఇక్కడి దుకాణాల్లో దొరకడమూ తక్కువే. ఇప్పుడు జీతాలొచ్చాక వాళ్లలో కొందరు అదే ఆటను డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. అది చూస్తే సంతోషంగా ఉంటుంది.

ఇక అసలు విషయం. పాతికేళ్లు దాటిన ఆనాటి ఆట సీడీని ఇప్పటి కంప్యూటర్‌లో పెడితే ఏమవుతుంది? మొదటి చిక్కు సీడీ పెట్టే చోటే లేకపోవడం. బయటినుంచి డ్రైవ్ తగిలించుకుని పెట్టారే అనుకుందాం. తొంభైల నడుమ వచ్చిన చాలా ఆటలు తాము 32 బిట్లవే అయినా, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాము మాత్రం 16 బిట్లది. ఇవాళ్టి 64 బిట్ల విండోస్ దాన్ని అసలు గుర్తించదు. ఆట బతికే ఉంటుంది, లోపలికి వచ్చే తలుపు మూసుకుపోయి ఉంటుంది. అది దాటితే, కొన్ని ఆటల్లో, కాపీ కొట్టకుండా డిస్కుకు వేసిన తాళం. సేఫ్‌డిస్క్ అనే ఆ తాళం తీసే డ్రైవరు భద్రతకు ముప్పని విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ ఆపేసింది. నిజాయితీగా కొన్నవాడి డిస్కే నడవకుండా పోయింది.

అదీ దాటితే బొమ్మ. 640కి 480 చుక్కల, దాదాపు చతురస్రంగా ఉండే తెర కోసం గీసిన బొమ్మ ఇప్పటి వెడల్పు తెర మీద సాగిపోతుంది, మనుషులు లావెక్కుతారు. 1998లో అన్‌రియల్ లాంటి ఆటలు ఎంతో అందంగా కనబడింది త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ కార్డుల మీద. ఆ కంపెనీ 2000 చివర్లో తన ఆస్తులు ఎన్‌విడియాకు అమ్ముకుని, ఆ తర్వాత మూతపడింది. ఆ కార్డుతో మాట్లాడటానికి రాసిన గ్లైడ్ అనే భాష ఇప్పుడు ఏ యంత్రానికీ రాదు. దాన్ని ఇప్పటి కార్డులకు అర్థమయ్యేలా మధ్యలో నిలబడి చెప్పే చిన్న ప్రోగ్రాములను కొందరు ఔత్సాహికులు రాసిపెట్టారు, అవి లేకపోతే ఆ అందం లేదు. ఇక వేగం. ఇంకా పాత ఆటలు కొన్ని ప్రాసెసర్ ఎంత వేగంగా పోతే తామూ అంత వేగంగా పోతాయి. రాసినవాళ్లు ఇంత వేగవంతమైన యంత్రాన్ని ఊహించలేదు. శత్రువు కనపడేలోపే ఆట అయిపోతుంది.

సంగీతం సంగతి విచిత్రం. హాఫ్ లైఫ్, క్వేక్ రెంటిలోనూ సంగీతం ఆట ఫైళ్లలో లేదు. పాటల సీడీలో ఉన్నట్టు డిస్కు మీద విడి ట్రాకులుగా ఉండేది, ఆట నడుస్తుంటే డ్రైవు పాట వాయించేది. డిస్కు అవసరం లేకుండా ఇంటర్నెట్‌లో ఆటలు అమ్మడం మొదలయ్యాక, ట్రెంట్ రెజ్నర్ కూర్చిన క్వేక్ సంగీతం ఏళ్ల తరబడి వినిపించనే లేదు. కొత్తగా కొన్నవాళ్లు ఆ ఆట ఇలాగే నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నారు. 2021 ఆగస్టులో నైట్‌డైవ్ స్టూడియోస్ అనే సంస్థ చేతిలో క్వేక్ బాగుపడి మళ్లీ వచ్చినప్పుడు సంగీతం కూడా దానితో తిరిగివచ్చింది.

ఇవన్నీ యంత్రం వల్ల వచ్చే చిక్కులు. యంత్రం బలం చాలక కాదు. హాఫ్ లైఫ్‌కు కనీసం కావలసింది 133 మెగాహెర్ట్జ్ పెంటియం, 24 ఎంబీ ర్యామ్. ఇప్పుడు హాస్టల్ మంచం మీద ఉండే మామూలు లాప్‌టాప్‌లో 16 జీబీ ఉంటుంది, అంటే ఆరువందల రెట్లకు పైమాటే. బలం ఎంత పెరిగినా పాత ప్రోగ్రాము తనంతట తాను నడవదు. ఎవరో కూర్చుని దాన్ని నడిపించాలి.

అలా కూర్చున్నవాళ్ల గురించి చెప్పుకోవాలి. సిస్టమ్ షాక్ 2 అని 1999లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ ఆట ఉంది. అంతరిక్ష నౌకలో ఒంటరిగా, భయంభయంగా సాగే ఆట. దాని తయారీలో పాలుపంచుకున్న లుకింగ్ గ్లాస్ స్టూడియో 2000లో మూతపడింది. హక్కులు చేతులు మారి చివరికి ఒక బీమా కంపెనీ దగ్గర తేలాయి. స్టీఫెన్ కిక్ అనే కుర్రవాడు ఉద్యోగం మానేసి మధ్య అమెరికాలో తిరుగుతూ, వెంట ఉన్న చిన్న నెట్‌బుక్‌లో ఆ ఆట తెరవబోతే తెరుచుకోలేదు. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఇతను హక్కులు ఎవరివో ఆరా తీసి, ఆ బీమా కంపెనీకే ఉత్తరం రాశాడు. 2012లో నైట్‌డైవ్ పెట్టి, 2013లో ఆ ఆటను మళ్లీ అమ్మకానికి తెచ్చాడు. పూర్తిగా మెరుగుపరచిన రూపం 2025 జూన్‌లో వచ్చింది. ఈలోపు 2012లోనే, అసలు పేరు చెప్పని ఒక మనిషి ఆ ఆటకు ఒక మరమ్మతు ఫైలు తయారుచేసి అందరికీ ఇచ్చేశాడు. వెడల్పు తెరలు, కొత్త కార్డులు, కొత్త విండోస్, అన్నీ దాంతో కుదురుకున్నాయి. అతనో ఆమో ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. లేని పేరుకు కూడా ఆ ఆట ప్రియులు కృతజ్ఞతలు చెప్పుకుంటారు.

డూమ్, క్వేక్‌లది వేరే దారి. ఐడీ సాఫ్ట్‌వేర్ తన పాత ఆటల కోడ్‌ను తనే బయటపెట్టింది. డూమ్ కోడ్ 1997 డిసెంబరులో, క్వేక్‌ది 1999 డిసెంబరులో. ఆ కంపెనీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ పట్టుబట్టి చేసిన పని ఇది. కొత్త ఆట అమ్ముకుంటూనే పాతదాని పేగులు జనం ముందు పరవడం ఆ వ్యాపారంలో మామూలు సంగతి కాదు. ఇవాళ డూమ్ ఆడలేని యంత్రం లేదంటే కారణం అదే. బొమ్మలూ శబ్దాలూ మాత్రం ఇప్పటికీ కంపెనీవే, ఆట కొనుక్కునే వాడాలి. ఆ ఐడీ సాఫ్ట్‌వేర్ 2009లో జెనీమ్యాక్స్ అనే కంపెనీ చేతికి, 2021 మార్చిలో జెనీమ్యాక్స్‌తో పాటు మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. అంటే గచ్చిబౌలిలో అంత పెద్ద ప్రాంగణం ఉన్న కంపెనీయే ఇప్పుడు డూమ్, క్వేక్‌ల యజమాని. కూకట్‌పల్లి నుంచి రోజూ ఆ గేటు లోపలికి వెళ్లేవాళ్లలో చిన్నప్పుడు ఆ ఆటలు ఆడినవాళ్లు తప్పకుండా ఉంటారు.

హాఫ్ లైఫ్ విషయంలో రెండు రకాల పనులు పక్కపక్కన జరిగాయి. ఒకటి అభిమానులది. ఆటను కొత్త బొమ్మలతో మొదటినుంచీ మళ్లీ కడదామని కొందరు జీతం లేకుండా మొదలుపెట్టి, 2012 సెప్టెంబరులో చాలా భాగం ఉచితంగా ఇచ్చారు. వేరే లోకపు చివరి భాగాన్ని, ఆ విసుగు పుట్టించే రాళ్ల గెంతులను, పూర్తిగా మార్చి రాసి 2020 మార్చిలో ముగించారు. బ్లాక్ మెసా దాని పేరు. వాల్వ్ అడ్డు చెప్పకపోగా అమ్ముకోమంది. రెండోది వాల్వ్ సొంత పని. 2004లో వాళ్లు హాఫ్ లైఫ్‌ను కొత్త యంత్రభాగం మీదికి మార్చి ఒక రూపం ఇచ్చారు, అందులో తప్పులు మిగిలిపోయాయి. పాతికేళ్లు నిండిన సందర్భంగా 2023 నవంబరు 17న వాళ్లు ఆ మార్చిన రూపాన్ని పక్కకు తీసి, 1998 నాటి అసలు ఆటనే తుడిచి బాగుచేసి ఇచ్చారు. వెడల్పు తెరలో చూపు సరిగ్గా పడేలా చేశారు, మొదట్లో వచ్చే పాత చిహ్నాన్ని, పాత మెనూను తిరిగి పెట్టారు, ఏళ్లనాటి తప్పులు సరిచేశారు. కొద్దిరోజులు ఎవరికైనా ఉచితంగా ఇచ్చారు కూడా. ఆడాల్సింది ఇదేనని తేల్చి చెప్పారు. కొత్తదిగా మార్చింది పోయి పాతదే నిలిచింది.

ఇక్కడ ఒకమాట చెప్పాలని ఇంత దూరం వచ్చాం. ఈ పనికి మన దగ్గర పెట్టిన పేరు మెయింటెనెన్స్. కేపీహెచ్‌బీ టీ కొట్ల దగ్గర రాత్రి పదకొండింటికి నిలబడి వినండి. కొత్తగా చేరిన పిల్లలు ఒకరినొకరు అడిగేది ఒకటే: డెవలప్‌మెంటా, సపోర్టా? డెవలప్‌మెంట్ అన్నవాడు నిటారుగా చెబుతాడు. సపోర్ట్ అన్నవాడి గొంతు ఒక మెట్టు దిగుతుంది. ‘లెగసీ ప్రాజెక్ట్‌లో పడేశారన్నా’ అని అంటాడు, ఏదో గోతిలో పడేసినట్టు. ఎవరో ఇరవై ఏళ్ల కిందట రాసిన కోడ్, రాసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, ఒక్క లైను వివరణ లేదు, రాత్రి రెండింటికి టికెట్ వస్తుంది, అది పొద్దుటికి పనిచెయ్యాలి. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఈ తేడా మాటల్లోకి వస్తోందని వింటుంటే బాధగా ఉంటుంది.

మన సైబరాబాద్ దేనిమీద లేచిందో ఒకసారి గుర్తుచేసుకుంటే ఆ చిన్నతనం అక్కర్లేదని తెలుస్తుంది. హాఫ్ లైఫ్ వచ్చిన, సైబర్ టవర్స్ తెరిచిన ఆ రోజుల్లోనే అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ నేర్పే సంస్థల బోర్డులు వెలిశాయి. అమెరికా బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో ఎప్పటివో ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకునేవి. 99 తర్వాత 00 వస్తే అది 1900 అని పొరబడే ప్రమాదం. లక్షల లైన్ల పాత కోడ్‌ను చదివి, తేదీ ఉన్న ప్రతి చోటూ పట్టుకుని, మిగతాది చెడకుండా సరిచెయ్యాలి. ఎంతోమంది తెలుగు పిల్లలు ఆ పని మీదే మొదటిసారి విమానం ఎక్కారు. వాళ్లు కొత్తదేదీ కనిపెట్టలేదు. ఉన్నది ఆగిపోకుండా చూశారు. 2000 జనవరి 1 తెల్లవారి ఏమీ జరగకపోవడమే వాళ్లు చేసిన పని. జరగని దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు కాబట్టి, అదంతా ఉత్త హడావిడని తర్వాత తేలిగ్గా అనేశారు. ఆ మాట అన్నవాళ్లకు ఆ కోడ్ చదివిన కళ్లు ఎంత అలిసిపోయాయో తెలియదు.

పాత ఆటను బతికించినవాళ్లు చేసిందీ సరిగ్గా ఇదే పని, ఇవే నైపుణ్యాలు. పరాయి కోడ్‌ను ఓపికగా చదవడం, రాసినవాడు అలా ఎందుకు రాశాడో అర్థం చేసుకోవడం, ఒక తప్పు సరిచేస్తే ఇంకోచోట ఏం కదులుతుందో ముందే చూడటం, అసలు స్వభావం మారకుండా ఆపగలగడం. ఆ చివరిది అన్నిటికన్నా కష్టం. మెరుగుపరచాలన్న ఉబలాటంలో ఆటలోని చీకటి గదులన్నీ వెలుగుతో నింపేసిన కొత్త రూపాలూ వచ్చాయి. భయపడాల్సిన చోట భయం పోయింది. పాత గుడి స్తంభాలకు ఎనామిల్ రంగు పూసిన పని అది. అలా చెయ్యకుండా నిగ్రహించుకోవడానికి ప్రేమ కావాలి, ప్రేమతో పాటు పనితనమూ కావాలి.

ఆటలకింత గౌరవం దేనికని కొందరు పెద్దలు అడగవచ్చు. కాల్పులూ రక్తమూ ఉన్న ఆట మీద ఇంత మాట అవసరమా అనీ అనవచ్చు. చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడని ఆటే అది, సందేహం లేదు. అయినా ఒక కాలపు మనుషులు యంత్రంతో కథ ఎలా చెప్పాలని ప్రయత్నించారో చూపే పని అది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన పరిశీలనలో, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు మార్కెట్‌లో కొనడానికి దొరకవని తేలింది. అంత పెద్ద పరిశ్రమ, అంత డబ్బు, అంతమంది అభిమానులు ఉన్నచోటే పరిస్థితి అది.

ఇక మన సంగతి చూడండి. దూరం పోనక్కర్లేదు, అచ్చు పని చేసే మా ఇంట్లోనే ఉంది. తొంభైల నుంచీ తెలుగు పుస్తకాలూ పత్రికలూ కంపోజ్ అయింది ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లతో. పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండదు, గుర్తుపట్టలేని రోమన్ అక్షరాలూ చుక్కలూ బారులు తీరి ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, అచ్చు పనికి అది చేరేసరికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అందుకే ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ మూలన ఒక పాత విండోస్ కంప్యూటర్‌ను జాగ్రత్తగా ఉంచుకుంటారు, అది చెడితే ఎంతమంది రచయితల పుస్తకాలు దానితో పోతాయో వాళ్లకు తెలుసు. కొందరు తెలుగు ప్రోగ్రామర్లు ఆ పాత ఫాంట్లలోంచి యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు తీరిక వేళల్లో రాసి ఇచ్చారు. హాఫ్ లైఫ్‌ను బాగుచేసినవాళ్లూ వీళ్లూ ఒకే కోవకు చెందినవాళ్లు. తెలుగు పిల్లల కోసం సీడీల మీద వచ్చిన అక్షరమాలలు, కథలు, పాటల ప్రోగ్రాములు మన అలమరాల్లో ఎన్ని మూలుగుతున్నాయో! వాటిని తెరిచి చూసే ప్రయత్నం ఇంకా చెయ్యాల్సే ఉంది.

దానికి కావలసిన చేతులు కూకట్‌పల్లిలో ఉన్నాయి. జేఎన్‌టీయూ ఇక్కడే ఉంది, దాని కింద ఉన్న కాలేజీలు ఎన్నో ఉన్నాయి, ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ చదువు ముగిసేలోపు ఒక మినీ ప్రాజెక్ట్, ఒక మేజర్ ప్రాజెక్ట్ చెయ్యాలి. ఆ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్మే దుకాణాలు అమీర్‌పేటలో ఉన్నాయన్నది అందరికీ తెలిసిన సంగతే. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పేరుతో ఒకే ప్రాజెక్ట్ పేర్లు మార్చుకుని ఏటా తిరుగుతుంటుంది. దాని బదులు ఒక పాత ప్రోగ్రామును ఇచ్చి, దీన్ని ఇప్పటి కంప్యూటర్‌లో నడిపించి చూపమనవచ్చు. క్వేక్‌తో మొదలుపెట్టడం తేలిక, దాని కోడ్ ఎక్కువగా సీ భాషలో ఉంది, ఉచితంగా దొరుకుతుంది, మూడో సంవత్సరం విద్యార్థికి అందనంత ఎత్తులో ఏమీ లేదు. హాఫ్ లైఫ్‌లో శత్రువు ఎలా ఆలోచించాలో, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే కోడ్‌ను కూడా వాల్వ్ అందరికీ చదవడానికి పెట్టింది. రెండో ఏడాది నుంచి తెలుగు సీడీల దగ్గరికి, పాత ఫాంట్ల దగ్గరికి రావచ్చు.

మొదటి వారం కోడ్ కంపైల్ కాదు. రెండో వారం అయినా తెర నల్లగానే ఉంటుంది. నెల గడిచేసరికి ఎక్కడో ఒక అంకె 32 బిట్లదని నమ్ముకుని రాసిన చోటు దొరుకుతుంది. అది ఎలా దొరికిందో, ఏ లైను ఎందుకు మార్చారో, మార్చకూడదని ఏది వదిలేశారో ల్యాబ్ రికార్డులో తెలుగులోనో ఇంగ్లీషులోనో పూసగుచ్చినట్టు రాయించాలి, మార్కులు ఎక్కువగా దానికే వెయ్యాలి. ఆ రికార్డును అటెండర్ గదిలో కట్టలు కట్టి పడెయ్యకుండా తర్వాతి బ్యాచ్‌కు అందిస్తే, వాళ్లు ఆ పేజీ నుంచి మొదలుపెడతారు.